జవాబు అక్కర్లేని అర్జీ

1983 నవంబరు. అమెరికాలో, పిస్కాటవేలో అద్దె అపార్ట్‌మెంట్. పద్మిని తన భర్త నరసింహం థీసిస్ పై కాగితానికి, శుభలేఖకి పెట్టినట్టు, నాలుగు మూలలా పసుపు పెట్టింది. మర్నాడే సబ్మిట్ చెయ్యాలి. గట్టెక్కితే కాలేజీలో ఉద్యోగం. లేదా వీసా అయిపోయి పెట్టేబేడా సర్దుకోవడమే.

ఆరేళ్ళ చాకిరీ ఒక జర్మన్ ప్రభువు మీద. పేరు మనకెందుకు గానీ, పదిహేడో శతాబ్దంలో, యుద్ధం బుగ్గి చేసిన చిన్న రాజ్యాన్ని ముప్ఫయ్యెనిమిదేళ్ళు ఏలాడు. ఊరూరా బళ్ళు పెట్టించాడు. "ప్రజల తండ్రి" అని రాశాడు నరసింహం. అది సగమే నిజమని అతనికి తెలుసు.

మిగతా సగం మైక్రోఫిల్ములో ఉంది. ఒక ముసలితల్లి అర్జీ. మంత్రగత్తె అని తన కూతుర్ని ప్రభువు తగలబెట్టించాడట. ఎక్కడ కాల్చారో చెబితే బూడిదైనా తెచ్చుకుంటానంది. కింద ప్రభువు స్వహస్తం: "జవాబు అక్కర్లేదు." నరసింహం ఆ అర్జీ మీద ఒక పేజీ టైప్ చేశాడు కూడా. కానీ గైడుకి ఆ ప్రభువంటే ప్రాణం. అందుకని నిన్న దాన్ని తీసి చెత్తబుట్టలో పడేశాడు. అప్పట్నించీ అన్నం సయించడం లేదు.

సాయంత్రం ఒక తేదీ సరిచూసుకోవడానికి లైబ్రరీ నేలమాళిగకి వెళ్ళాడు. మైక్రోఫిల్ము రీలు మిషన్‌కి ఎక్కించి తిప్పుతున్నాడు. బల్బు వేడెక్కిన వాసన... కాదు. జుట్టు కాలిన వాసన.

చెయ్యి తీసేశాడు. రీలు ఆగలేదు. తిరిగి... తిరిగి... అర్జీ దగ్గర ఆగింది.

వెనక ఎవరో ఊపిరి పీల్చారు.

"బాబూ..." తెలుగే. "జవాబు రాలేదు."

వెనక్కి తిరగలేదు. భయం కన్నా సిగ్గు ఎక్కువైంది. ఆ తల్లికి ఏ మొహం చూపిస్తాడు?

"ఆ పేజీ మళ్ళీ పెడతానమ్మా," అని గొణిగి, ఒకటే పరుగు.

ఇంటికొచ్చి చెత్తబుట్ట బోర్లించాడు. పేజీ లేదు.

"ఏమండీ," అంది పద్మిని నెమ్మదిగా, "నేను పసుపే పెట్టాను. ఇలా చూడండి."

థీసిస్ పై కాగితానికి నాలుగు మూలలా మసి. చావు కబురు ఉత్తరానికి పూసినట్టు.

కాగితాలు తిరగేశాడు. తీసేసిన పేజీ దాని చోట అది ఉంది. అక్షరం పొల్లుపోలేదు. అమ్మయ్య అనుకోబోయి కిందికి చూశాడు. టైపు అక్షరాల కింద, తెలుగులో, సిరాతో ఒక్క వాక్యం.

జవాబు అక్కర్లేదు.

"ఇది మీ చేతిరాతే కదండీ?" అంది పద్మిని.

అతనిదే. సిరా ఇంకా ఆరలేదు.