నీరటోళ్ల పిల్ల

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. ఒత్తులూ దీర్ఘాలూ ఇప్పటికీ నన్ను ఏడిపిస్తాయి. ఒక పేజీ రాయడానికి రెండు రోజులు పడుతుంది. తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి. ఇది మా ఇంటి కథే. మా ఆయన పోయాక రాయాలనిపించింది. "నేను" అని రాయబోతే చేయి ఆగిపోతోంది. అందుకని నా పేరు సాయమ్మ అని మార్చి, ఎవరి కథో చెబుతున్నట్టు రాశాను.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తోంది. తెల్లాపూర్‌లో రాత్రి నుంచీ కరెంటు లేదు. సాయమ్మ రోట్లో పల్లీల పచ్చడి నూరుతోంది. కూతురు అఖిల గడప మీద కూర్చుని ఒక కాగితం చూసి పైకి చదువుకుంటోంది. లోపల టీవీ మీద, పాత తువ్వాలులో చుట్టి, ఆమె కిరీటం ఉంది.

పర్యావరణాన్ని కాపాడాలని చెప్పే అంతర్జాతీయ అందాల పోటీలో వచ్చిన కిరీటం అది. ఆ పోటీలో నలుగురు గెలుస్తారు. మొదటి కిరీటం ఒకరికి, తక్కిన మూడు గాలి, నీరు, అడవి పేర్ల మీద ముగ్గురికి. గెలిచినవాళ్ళు ఏడాదంతా ఊరూరా తిరిగి మొక్కలు నాటాలి, నీళ్ళ గురించి, చెట్ల గురించి చెప్పాలి. అఖిలది నీటి కిరీటం. హైటెక్ సిటీలో కాల్ సెంటర్‌లో పనిచేసే పిల్ల ఆమె. అక్కడ ఆమె పై అధికారి కిరణ్మయి, మణికొండలో ఉండే కోస్తా అమ్మాయి, పట్టుబట్టి ఫారం నింపించింది, ఇంగ్లీషు దిద్దింది, తన చీరలు రెండిచ్చి పంపింది. అక్కడ స్టేజీ మీద "నీళ్ళంటే నీకు ఏం గుర్తొస్తుంది?" అని అడిగితే అఖిల "మా నాయిన" అన్నదట.

ఆమె తండ్రి ఐలయ్య వాళ్ళది నీరటి ఇల్లు. చెరువు తూము తెరిచేదీ మూసేదీ నీరటే. ఏ మడికి ముందు, ఏ మడికి వెనుక, ఎంతసేపు అన్నది అతడే చెప్పాలి. పటేలైనా సరే, తూము మీద చేయి వేయడానికి లేదు. మొగిలికుంట కింద మూడు తరాలు ఆ పని చేశారు. ఇప్పుడు మొగిలికుంట లేదు. అక్కడ విల్లాలు లేస్తున్నాయి. ఐలయ్య ఆ విల్లాల గేటు దగ్గర నీలం యూనిఫారం వేసుకుని కావలి కాస్తున్నాడు.

ఆ విల్లాల కంపెనీయే ఇక్కడ పోటీకి స్పాన్సర్. నలుగురు విజేతలనూ హైదరాబాద్ రప్పించి, ఆ రోజు సాయంత్రం హైటెక్ సిటీలో పెద్ద హాల్లో సభ పెట్టింది. అఖిల చదువుతున్నది ఆ సభలో మాట్లాడవలసిన కాగితమే.

కొడుకు రాజేందర్ రాత్రి డ్యూటీ దిగి వచ్చాడు. ఐటీ కంపెనీకి కారు నడుపుతాడు. నంబరు ప్లేటు మీద ఏపీ చెరిపేసి టీజీ అని రాసుకున్న కారు.

"ఏం చదువుతున్నవే పొద్దుగాల పొద్దుగాల? జర నాకూ వినిపియ్యి."

అఖిల చదివింది. "ఎండిపోయిన మొగిలికుంటకు మళ్ళీ ప్రాణం పోసిన సంస్థకు, నీటి బిడ్డగా నా వందనాలు..."

"ప్రాణం పోసిండ్రా? లారీలకు లారీలు మట్టి పోసిండ్రు!" రాజేందర్ చెప్పులు విసిరేశాడు. "ఊరంత సమ్మెల కూసుంటే, మా చెల్లె కిరీటం పెట్టుకుని మట్టి పోసినోనికి దండం పెడ్తదంట. మస్తున్నది."

"నేను ఇది చదువుతనని ఎవలన్నరు?" అఖిల కాగితం మడిచింది. "మైకు నా చేతికొచ్చినంక, కుంటను పూడ్చిండ్రని చెప్త. పేపరోళ్ళు, టీవీలోళ్ళు అందరుంటరు."

సాయమ్మ చేతిలో బండ ఆగిపోయింది. "వద్దు బిడ్డా."

"ఎందుకు?"

"మీ నాయిన నౌకరి పోతది."

"పోతే పోనియ్యి. నేను సంపాదిస్తలేనా?"

సాయమ్మ మళ్ళీ పచ్చడి నూరసాగింది. అసలు మాట చెప్పలేదు.

అప్పుడే స్నానం చేసి వచ్చిన ఐలయ్య తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. "రాసిచ్చింది చదువు. ఇగ మాట్లాడకు" అన్నాడు.

అఖిల తెల్లబోయింది. తండ్రి ఎన్నడూ ఆమెకు ఎదురు చెప్పి ఎరగడు. "నాయినా, నువ్వేనా గిట్లంటున్నది?"

"ఆంధ్రోళ్ళ నౌకరి జేస్తే గట్లనే అంటరు" అన్నాడు రాజేందర్.

"అమ్మినోడు మన పటేలు. కొన్నోళ్ళల్ల ఒకడు ఆంధ్రోడైతే ఒకడు ఈడోడే. మట్టి తోలింది మన ఊరి లారీలు. ఊకో" అన్నాడు ఐలయ్య.

ఇంతలో వాకిట్లో కారు ఆగింది. కంపెనీ ప్రచారం పనులు చూసే నరసింహమూర్తి దిగాడు. చేతిలో స్వీట్ల డబ్బా, మెరిసే కవరులో శాలువా.

"నమస్కారమండీ ఐలయ్యగారూ! ఈ సాయంత్రం తమరు ముందు వరుసలో కూర్చోవాలి. కుంట నీరటిగారిని, విజేత తండ్రిగారిని సత్కరిస్తున్నామండి."

"నిన్నటిదాక 'ఏయ్ వాచ్‌మన్'. ఇయ్యాల గారు" అని రాజేందర్ గొణిగాడు. నరసింహమూర్తి విననట్టు నవ్వాడు.

"ఏమ్మా, బాగా వచ్చేసిందా? ఒకసారి చదివి వినిపిస్తావా?"

"చదవనండి. కుంటను మీరే పూడ్చిండ్రని చెప్త" అంది అఖిల.

నరసింహమూర్తి ముఖంలో నవ్వు పోయింది. మంచం అంచున కూర్చున్నాడు. "అమ్మా, నేను ఉద్యోగస్తుణ్ణి. నాకూ ఇద్దరు ఆడపిల్లలున్నారు. నిన్ను బెదిరించాలని కాదు. కానీ ఇది నీకు తెలియాలి." బ్యాగులోంచి ఒక జిరాక్స్ కాగితం తీసి చదివాడు. "మొగిలికుంటకు ఇరవై ఏళ్ళుగా చుక్క నీరు రాలేదు. తూము పనిచేయదు. అది పడావు పడ్డ బీడు భూమి. ఊరి నీరటిగా ఈ మాట నేను ఇష్టపూర్వకంగా చెబుతున్నాను." కాగితం అఖిల ముందు పెట్టాడు. "ఆరేళ్ళ కిందట ఇచ్చిన వాంగ్మూలమండి. కింద వేలిముద్ర ఎవరిదో చూడు."

అఖిల కాగితం చేతిలోకి తీసుకుంది.

"పూడ్చారని నువ్వు అంటే విలేకరులు మమ్మల్ని అడుగుతారు. మేం ఈ కాగితం చూపించక తప్పదు. అప్పుడు ఊరు ఎవర్ని తిడుతుందో ఆలోచించుకో. నాలుగింటికి కారు పంపిస్తానండి." అతను ఎవరి ముఖమూ చూడకుండా వెళ్ళిపోయాడు.

అఖిల కాగితాన్ని తండ్రి వైపు తిప్పింది. "నాయినా, గిది నీదేనా?"

"నాదే."

"అమ్ముకున్నవా?" రాజేందర్ అరిచాడు. "మా నీళ్ళు మాకు గావాలె అని రోడ్ల మీద ఒర్రుతున్న. లాఠీలు తిన్న. మా ఇంట్లనే కుంటను అమ్మినోడున్నడని నాకేమెరుక! రేపు జెండ పట్టుకుని ఏ మొఖంతోని నిలబడాలె?"

ఐలయ్య గోడకు చేరగిలబడి కింద కూర్చున్నాడు. నోరు విప్పలేదు. సాయమ్మ రోటి దగ్గర నుంచి లేచింది. ఆరేళ్ళుగా ఆమెకు తెలిసిన మౌనమే అది.

"నాయినను అనకు బిడ్డా. వేలు ఏయించింది నేను."

పిల్లలిద్దరూ తిరిగి చూశారు.

"వాన పడుతున్నది ఆ దినం. ముగ్గురొచ్చిండ్రు. నీరటోళ్ళకు సర్కారు నెల జీతమిస్తున్నది, గీడ వేలెయ్యి అన్నరు. మీ నాయిన కాగితం అటు తిప్పి ఇటు తిప్పి, పిల్లలు కాలేజికెళ్ళి రానీ, చదివిపిచ్చుకుంట అన్నడు. నాకు ఆగబుద్ధి కాలే. ఇంటికొచ్చిన జీతం తిరిగిపోతదని భయమైంది. 'నీది ఎప్పటికీ గింతే, మంది ముందు మనల్ని నవ్వులపాలు జేస్తవ్' అని తిట్టి, చెయ్యి పట్టుకుని సిరాల ముంచి, నేనే ఒత్తిచ్చిన." ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "లారీలొచ్చిన దినం తెలిసింది మాకు, అది ఏం కాగితమో. ఆ దినం నుంచి ఒక్కపారి, ఒక్కపారంటే ఒక్కపారి, నన్ను ఇట్ల జేసినవని అనలే. అంటెనన్న బాగుండు. నాకు అన్నం దిగేది."

"ఇగ చాలు" అన్నాడు ఐలయ్య.

"చాలదు! నేను చెయ్యి పట్టకపోతే..."

"చెయ్యి పట్టింది నువ్వు. వేలు నాది." అతని కళ్ళు నేల మీదే ఉన్నాయి. "కండ్లతోని చూడకుంట నీళ్ళున్నయని గాని, లేవని గాని నీరటి చెప్పొద్దు. మా అయ్య నాకు నేర్పిన మొదటి మాట. నేను తప్పిన."

అఖిల తండ్రి కాళ్ళ దగ్గర కూలబడింది. "నేను ఏం చెప్ప నాయినా. వాళ్ళు రాసిందే చదువుత. నీ పేరు బజారుల పడనియ్య." ఆమె వెక్కిళ్ళు చాలాసేపు ఆగలేదు. రాజేందర్ వాకిట్లోకి పోయి కారుకు ఆనుకుని నిలబడ్డాడు. నూరిన పచ్చడి రోట్లోనే ఉండిపోయింది. ఆ పూట ఎవరూ తినలేదు.

సాయంత్రం కంపెనీ కారు వస్తే వెనక్కి పంపేసి, రాజేందరే ముగ్గురినీ తీసుకెళ్ళాడు.

హాలు నిండా చల్లగాలి, కెమెరాలు. స్టేజీ మధ్యలో విల్లాల బొమ్మ, దాని ముందు పెద్ద గాజు తొట్టి. అదే మొగిలికుంట అట. నలుగురు విజేతలూ తమ తమ దేశం నుంచి తెచ్చిన నీళ్ళు అందులో పోయాలి. మొదటి కిరీటం గెలిచిన ఆఫ్రికా అమ్మాయి, గాలి, అడవి కిరీటాలు గెలిచిన ఇద్దరూ కుండలు పట్టుకుని నవ్వుతూ నిలబడ్డారు. అఖిల కుండ మీద "మొగిలికుంట నీరు" అని రాశారు. సభకు ముందు దాన్ని మినరల్ వాటర్ క్యాన్ వంచి నింపడం సాయమ్మ కళ్ళారా చూసింది.

ఐలయ్య భుజాల మీద శాలువా కప్పారు. చప్పట్లు కొట్టారు. తరువాత మైకు అఖిల చేతికి వచ్చింది.

"ఎండిపోయిన మొగిలికుంటకు..." అని మొదలుపెట్టింది. ఆగింది. మళ్ళీ "ఎండిపోయిన..." అంది. ముందు వరుసలో సాయమ్మ కళ్ళు మూసుకుంది. తన కూతురు తన తప్పును నోటితో మోస్తోందని ఆమెకు అప్పుడు తెలిసింది. ఒకనాడు మొగుడి చేత వేలు వేయించింది. ఇప్పుడు బిడ్డ చేత అబద్ధం చెప్పిస్తోంది. పక్కన కూర్చున్న ఐలయ్య మోచేతిని తట్టింది. చెప్పమన్నట్టు తల ఊపింది.

ఐలయ్య లేచాడు.

"ఆగు బిడ్డా. ఎండిపోలే."

మైకు లేకపోయినా ఆ మాట హాలంతా వినిపించింది. పొలాల మీదుగా కేకేసి నీళ్ళు పంచిన గొంతు అది.

"మొగిలికుంట ఎండిపోలే. నిండ నీళ్ళున్నప్పుడు పూడ్చిండ్రు. నీళ్ళు లేవని కాగితం మీద వేలేసింది నేనే. గుడ్డిగ వేసిన. ఆ కాగితం అబద్ధం."

నరసింహమూర్తి స్టేజీ పక్కన తల పట్టుకున్నాడు. ఎవరో మైకు ఆపేశారు. అఖిల తన కుండ తీసుకుని మెట్లు దిగి తండ్రి ఎదుటికి వచ్చింది. ముఖం నిండా కన్నీళ్ళు.

"నాయినా, నీళ్ళు ఎటు విడువాలెనో నీరటి చెప్పాలె. ఎటు పొయ్యమంటవ్?"

ఐలయ్య కుండలోకి చూశాడు. గాజు తొట్టి వైపు చూశాడు.

"జాగ లేదు బిడ్డా. విడువనీకి జాగ లేదు."

అరవై ఏళ్ళ మనిషి, అంతమంది ముందు, చంటిపిల్లవాడిలా ఏడ్చాడు. స్టేజీ మీద ఆఫ్రికా అమ్మాయికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా తొట్టి మీదికి వంచిన కుండను మెల్లగా వెనక్కి తీసుకుని గుండెకు ఆనించుకుంది. తక్కిన ఇద్దరూ ఆమెను చూసి అలాగే చేశారు. ఆ సాయంత్రం ఆ తొట్టిలో చుక్క నీరు పడలేదు.

తరువాత అంతా చెడే జరిగింది. మర్నాడే ఐలయ్య నౌకరి పోయింది. కంపెనీ ఆ వేలిముద్ర కాగితాన్ని పేపర్లో వేయించింది. ఊళ్ళో కొందరు ముఖం మీదే ఉమ్మేశారు. పోటీవాళ్ళు కిరీటం వెనక్కి ఇమ్మని రాస్తే, కిరణ్మయి వాళ్ళకు ఎదురు ఉత్తరం రాసి రెండు నెలలు పోట్లాడింది. రాజేందర్ మాత్రం ఆ సాయంత్రం హాలు బయట తండ్రి చేయి పట్టుకుని కారు దాకా నడిపించాడు. "తప్పు మాట అన్న నాయినా" అని ఒక్కటే అన్నాడు. కుంట తిరిగి రాలేదు.

సమ్మె ముగిసింది. మరుసటి ఎండాకాలం కుంట మీద సర్కారు విచారణకు పిలుపు వచ్చింది. ఆఫీసులో గుమాస్తా ఐలయ్య చెప్పినదంతా రాసుకుని, కాగితం ముందుకు తోసి, సిరా డబ్బీ మూత తీశాడు.

"వెయ్యి పెద్దాయనా, బయట మస్తు మంది ఉన్నరు."

ఐలయ్య చేయి వెనక్కి పెట్టుకున్నాడు. "ఆగుండ్రి సారూ. మా ఆమె చదువుతది."

సాయమ్మ ముందుకు జరిగింది. ఆ చలికాలమంతా అఖిల పక్కన కూర్చుని దిద్దిన అక్షరాలు కళ్ళ ముందు అలుక్కుపోయాయి. కొంగుతో కళ్ళు తుడుచుకుని, వరుస కింద వేలు పెట్టింది. "మొ... గి... లి... కుం..." వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. గుమాస్తా గడియారం చూసుకున్నాడు. ఒక చోట ఒత్తు తెలియక ఆగిపోయింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. "నీ... ళ్ళు... నిం... డు... గా... ఉం... డే... వి." నవ్విన మనిషి నవ్వు ఆపేశాడు. కాగితం అయ్యేసరికి ఫ్యాను కింద నిలబడ్డవాళ్ళంతా వింటున్నారు.

"అంతా నువ్వు చెప్పిందే ఉంది" అంది సాయమ్మ.

ఈసారి ఆమె అతని చేయి పట్టుకోలేదు. ఐలయ్య తానే సిరాలో వేలు అద్దుకుని, తానే ఒత్తాడు.

కనకమ్మ,
అరవై ఆరేళ్ళు,
ఇప్పుడు కొత్తగూడలో కూతురి దగ్గర ఉంటున్నాను.