మడమ కింద ఉరుము

ఆ ఇంట్లో పొద్దున్నే పొంగేవి రెండు: పొయ్యి మీద పాలు, అత్తగారి సలహాలు. పాలకైతే మంట తగ్గిస్తే సరిపోతుంది.

అత్తగారు కుట్టుపనీ, అల్లికలూ నేర్పే బడి నడిపి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. వీధిలో సగం మంది ఆడవాళ్లు ఆవిడ దగ్గర కత్తెర పట్టడం నేర్చుకున్నవాళ్లే. అందరూ టీచరమ్మ అంటారు. కోపం వస్తే కన్నకొడుకు కూడా అలాగే అంటాడు. గోడ మీద పటం వెంట్రుకవాసి ఒరిగినా, లేచి సర్దేదాకా ఆవిడకు ముద్ద దిగదు.

"ఏమిటమ్మాయ్, మళ్లీ అల్లిక మొదలెట్టావు?" అంది కోడలి ఊలు బుట్టకేసి చూస్తూ. "ఫోను చెవికి ఆనించి కుట్లు లెక్కపెడితే చొక్కాకి మూడు చేతులొస్తాయని చెప్పలేదూ?"

"చొక్కా కాదత్తయ్యా, బొమ్మ. మన గుండుసూదికి. ఇప్పుడు చూడకండి, సాయంత్రం అదే చూపిస్తుందట."

గుండుసూది అంటే రెండో తరగతి చదివే మనవరాలు. ఆ పేరు పెట్టింది టీచరమ్మే. చూడ్డానికి ఇంతే ఉంటుంది, మాట మాత్రం కసుక్కున దిగుతుంది. పుట్టినప్పటినుంచీ దాని ఎడమకాలు కుడికాలికన్నా కాస్త పొట్టి. ఇంటిల్లిపాదికీ తెలిసిన సంగతే, ఎవరూ పైకి అనరు. ఆ కాలికి మందపాటి అడుగున్న బూటు వెయ్యకపోతే ఎదిగేకొద్దీ నడుం వంగిపోతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. కొలతలిచ్చిన రోజే పిల్ల తేల్చేసింది: "ఇంట్లో వేసుకుంటా. బడికి మాత్రం చచ్చినా వేసుకోను."

చెప్పీ, బతిమాలీ, బెదిరించీ విసిగిపోయిన కోడలు చివరికి క్రోషియా సూది తీసింది. "నీకో సూపర్‌హీరోని అల్లిపెడతాను. ఎలా ఉండాలో నువ్వే చెప్పు" అంది.

గుండుసూది చెప్పింది. పేరు ఢమాల్ రాణి. వంకాయ రంగు ఒళ్లు, వీపున రెక్కల్లా ఎగిరే పసుపచ్చ గుడ్డ. కుడికాలు మామూలుగా ఉండాలి, ఎడమకాలు పొట్టిగా ఉండాలి. ఆ పొట్టికాలికి ఎర్రటి లావు బూటు. ఆ బూటులోనే ఉంది ఆమె బలమంతా.

కోడలు మాట్లాడకుండా అల్లుకుపోయింది. ఒంటికంతా ఒకే దారం. ఉంగరంలా చుట్టి, ఆ ఉంగరం మీద వరస, వరస మీద వరస. కత్తిరింపు లేదు, అతుకు లేదు. చూస్తుండగానే శూన్యంలోంచి ఒక తల లేచింది, దానికింద భుజాలు దిగాయి. దూది కూరుతుంటే పొట్ట ఊపిరి పీల్చినట్టు పొంగింది. తను వండిన కూరే తనకు నచ్చని ఆ ఇల్లాలు, తన చేతుల్ని చూసుకుని మొదటిసారి ఆశ్చర్యంతో నోరు తెరిచింది. లిఫ్టులు బాగుచేసే భర్త బూటు అడుగున పెట్టడానికి బరువైన ఇనప బిళ్ల తెచ్చిచ్చాడు. బొమ్మ పూర్తయింది. బూటు వచ్చాక, నానమ్మ ముందు తనూ రాణీ ఒకేసారి నిలబడాలని పిల్ల పట్టు.

ఆ బూటు తేవడానికే తల్లీకూతుళ్లు బయల్దేరారు.

తిరిగొచ్చేసరికి టీచరమ్మ వాకిట్లోనే ఎదురొచ్చింది. చేతిలో బొమ్మ, ముఖం నిండా వెలుగు.

"బుట్ట పక్కకి జరుపుతుంటే కనబడిందే. పాపం మీ అమ్మ లెక్క తప్పింది. ఒక కాలు పొట్టి, దాని కింద ఇంత దిమ్మ! పైగా లోపల ఇనపముక్క. విప్పేసి మళ్లీ అల్లాను. చూడు, ఇప్పుడు రెండు కాళ్లూ ఎంత ముచ్చటగా ఉన్నాయో!"

నిజంగానే ముచ్చటగా ఉన్నాయి. కుట్టు కుట్టుకీ తేడా లేదు. తప్పు కనబడితే విప్పెయ్యడం ఆవిడ వేళ్లకున్న అలవాటు. బుర్రదాకా కబురే వెళ్లదు.

గుండుసూది బొమ్మను అందుకోలేదు. కొత్త బూటున్న పెట్టెను గుండెకి హత్తుకుని అడిగింది.

"నానమ్మా, నన్ను కూడా అమ్మ లెక్క తప్పి అల్లిందా?"

టీచరమ్మ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అయితే నన్నూ విప్పి అల్లు. ఈ బూటు నాకొద్దు." పెట్టెను మంచం కిందకి తోసేసి, పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది.

వంటగదిలో కోడలు గిన్నెలు సర్దుతోంది. సర్దుతోందని అనుకోవాలంతే, చప్పుడు మాత్రం యుద్ధానిది.

"ఒక్కమాట అడిగి విప్పితే ఏం పోయేదత్తయ్యా?"

"తప్పు కనబడుతుంటే కళ్లు మూసుకోమంటావా?"

"అది తప్పు కాదు!"

"ఒక కాలు పొట్టిగా ఉంటే..." అని టీచరమ్మ ఆగిపోయింది.

"చెప్పండి. పొట్టిగా ఉంటే ఏమిటి?"

అప్పుడే పనిముట్ల సంచీతో కొడుకు గుమ్మంలోకి వచ్చాడు. "లిఫ్టులో ఇరుక్కుంటే తియ్యడానికి నా దగ్గర తాళం ఉంది. ఇక్కడ ఎవరు ఇరుక్కున్నారు?"

"మీ అమ్మగారు!"

"నీ పెళ్లాం!"

రెండు గొంతులూ ఒకేసారి లేచాయి. అతను లోపలి గదిలోకి తొంగిచూసి, సంచీ మెల్లగా కింద పెట్టాడు. "మీరిద్దరూ కాదు, నా కూతురు" అన్నాడు. ఆ మాటకి గిన్నెలు కూడా ఊరుకున్నాయి.

టీచరమ్మ పీట మీద కూలబడింది. "దాన్ని నలుగురూ కుంటిదంటారనే కదరా నా భయం. పరాయి కళ్లు దాని కాలి మీద పడకూడదనే కదా ఇన్నాళ్లూ నా తాపత్రయం."

"తెలుసత్తయ్యా" అంది కోడలు. ఆమె గొంతు దిగింది. "కానీ మనం దాచేకొద్దీ, దాచాల్సిందేదో తనలో ఉందని అది నేర్చుకుంటోంది. ఆ బూటుని అది దాచుకోలేదు. ఏకంగా రాణికి తొడిగింది. బడికి వేసుకెళ్లడానికి అది తనకి తనే వేసుకున్న దారి. మనం ఆ దారినే విప్పేశాం."

టీచరమ్మ తన వేళ్లవైపు చూసుకుంది. తర్వాత లేచి, బొమ్మనీ సూదినీ తీసుకుని మంచం దగ్గరికెళ్లింది.

"గుండుసూదీ."

"నిద్రపోతున్నా."

"సరే, నిద్రలోనే విను. నాకు ఆ కాలు అల్లడం రాదే. నేర్పుతావా?"

గోడవైపున్న తల కొంచెం కదిలింది. "నువ్వు టీచరమ్మవి కదా?"

"నేర్పడమే వచ్చు. నేర్చుకోవడం మర్చిపోయాను."

పిల్ల లేచి కూర్చుంది. "ముందు నువ్వల్లింది విప్పు."

టీచరమ్మ తన చక్కటి అల్లికని తనే లాగింది. దారం సరసరా ఊడొచ్చింది. మళ్లీ మొదలుపెడితే ఆవిడ చెయ్యి మాట వినదు. చాలనుకున్న చోట ఆగకుండా, అలవాటుకొద్దీ జతకాలితో సమానంగా ముందుకి పోతుంది. "ఆగు, ఆగు" అని పిల్ల మణికట్టు పట్టుకుంది. "ఇక్కడితో కాలు అయిపోయింది. ఇక్కణ్నుంచి గది."

"గదేమిటే?"

"ఉరుముకి గది. ఆకాశంలో దానికి ఇల్లు లేదు కదా నానమ్మా, అందుకే ఏడుస్తూ తిరుగుతుంది. ఢమాల్ రాణి 'నా మడమ కింద ఉండు' అంది. అందరికీ రెండు కాళ్లూ నేలదాకా ఉంటాయి, మరి ఉరుముకి చోటెక్కడ? ఈమె కాలే కొంచెం పైన ఆగింది. దానికోసమే."

టీచరమ్మ చేతిలో సూది ఆగిపోయింది. ఎన్ని వందల కొలతలు తీసిందో, ఎన్ని తరాల పిల్లలకి లెక్కలు దిద్దిందో. తక్కువైందనుకున్న చోట ఒక గది ఉందని, అందులో ఒకరికి నీడ దొరుకుతుందని ఏ పాఠంలోనూ లేదు. ఈ వేలెడు పిల్ల బుర్రలో అదెప్పుడు పుట్టింది? ఆవిడ మనవరాలిని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. కళ్లజోడు తీసి తుడుచుకుంది. తడి అద్దాలది కాదు.

"ఏడుస్తున్నావా?"

"దారం రంగు కళ్లకి కొడుతోంది. గది ఎంత ఎత్తుండాలి?"

ఎర్రటి బూటు వరస వరసకీ గోడలు లేచి, నిజంగానే చిన్న ఇల్లయింది. అడుగున ఇనప బిళ్ల చేరింది. మిగిలిన నాలుగు కుట్లూ పిల్ల తనే వేసింది. వంకరగా పడ్డాయి. టీచరమ్మ చూసింది, ముట్టుకోలేదు. ఆ నిగ్రహాన్ని కోడలు గుమ్మంలోంచి గమనించి, మనసులోనే దండం పెట్టుకుంది.

అల్లిన బొమ్మలు సాధారణంగా నిలబడవు. గోడకి ఆనించాలి, లేకపోతే మొహం బోర్లా పడతాయి. గుండుసూది రాణిని బల్ల మీద పెట్టి చేతులు తీసేసింది. ఢమాల్ రాణి కొంచెం ఊగింది. తర్వాత ఆ లావు బూటు మీద బరువంతా ఆన్చి, పసుపచ్చ గుడ్డ వేలాడుతుండగా, ఎవరి ఆసరా లేకుండా నిలబడిపోయింది.

లిఫ్టుల మనిషి వంగి కింద నుంచి చూశాడు, పక్కనుంచి చూశాడు. "ఏ కేబులూ లేదు" అన్నాడు మెల్లగా.

పిల్ల మంచం కిందకి దూరి పెట్టె బయటికి లాగింది.

మర్నాడు పొద్దున కింద వీధిలో బడి వ్యాను హారను కొట్టింది. గుండుసూది మెట్లు దిగుతుంటే ఒక అడుగు మెత్తగా, ఒక అడుగు బరువుగా వినబడింది. టీచరమ్మ బాల్కనీ కడ్డీ పట్టుకుని కిందకి వంగి చూసింది. వ్యానులోంచి ఒక రెండు జడల పిల్ల తల బయటపెట్టి, "అదేంటి, ఒక బూటు అంత లావుంది?" అని వీధంతా వినబడేలా అడిగింది.

కోడలు కిందకి పరిగెత్తబోయింది. అత్తగారు ఆమె చెయ్యి పట్టి ఆపింది.

గుండుసూది కాసేపు తన కాలివైపు చూసుకుంది. తర్వాత మోకాలు పైకెత్తి, వ్యాను రేకు మెట్టు మీద ఒక్కటి తొక్కింది. ఢమాల్! వ్యాను మొత్తం అదిరింది. పిట్టగోడ మీద పావురాలు లేచిపోయాయి. డ్రైవరు టోపీ పట్టుకున్నాడు.

ఆ తర్వాత వ్యానులో పిల్లలందరూ ఒక్క గొంతుతో, "ఇంకోసారి!" అని అరిచారు.

పైన బాల్కనీలో టీచరమ్మ కూడా, కోడలి చెయ్యి వదలకుండా, చెంపల మీద నీళ్లు తుడుచుకోకుండా, "ఇంకోసారి" అంది.