కువైట్‌లో గోదావరి

కొత్తపేటలో డిగ్రీ మొదటి సంవత్సరం చదివే కరుణ, తన క్లాసు సన్నీతో రెండు వారాల్లో మాట్లాడిన మాట ఒక్కటే: "ఆయ్."

కాలేజీలో ప్రపంచ దేశాల ఎగ్జిబిషన్. చీటీల్లో ఇద్దరికీ కలిపి కువైట్ వచ్చింది. సన్నీ నాన్న పాపారావు గారు పదకొండేళ్లుగా అక్కడ డ్రైవరు. అందుకని మోడల్ అంతా తనే చేస్తానని, కరుణ జెండా కుడితే చాలని సన్నీ అన్నాడు. కరుణ ఆయ్ అంది.

జెండా బాగానే కుదిరింది. రంగుల కోసం తెచ్చుకున్న లైబ్రరీ పుస్తకాన్ని చివరిదాకా చదవడమే పొరపాటైంది.

ఎగ్జిబిషన్ పొద్దున మోడల్ చూసి కరుణకి చెమటలు పట్టాయి. ఒక అంచున నీలం కాగితం సముద్రం, ఒక పక్క చిన్న ఊరు, ఇసుక మధ్యలో నది. వేలాడదీసిన సెలైన్ సీసాలోంచి నిజంగానే పారుతోంది. గట్ల మీద కొబ్బరి ఈనెల చెట్లు. రేవులో జనాన్నీ బళ్లనీ ఏరు దాటించే పంటు, దాని మీద అగ్గిపెట్టెలతో చేసిన రెండు మోటారు సైకిళ్లు.

పుస్తకంలో ఆ దేశానికి నదే లేదు.

చెబితే సన్నీ ఏమనుకుంటాడో. చెప్పకపోతే కాలేజీ అంతా అతన్ని చూసి నవ్వుతుంది. అది తలచుకోగానే నోరు దానంతటదే తెరుచుకుంది.

"అక్కడ నది లేదండి."

సన్నీ ఆశ్చర్యంగా చూశాడు. ఆమె మాట్లాడినందుకో, నది లేనందుకో తెలియలేదు.

"నది లేకుండా దేశం ఎలాగుంటుందండీ? జనం ఏం తాగుతారు?"

"సముద్రం నీళ్లలో ఉప్పు తీసేసి తాగుతారండి."

సన్నీ నమ్మక నాన్నకి ఫోన్ చేసి, మీ రూముకి ఏరు ఎంత దూరమని అడిగాడు. అవతల ఒకటే నవ్వు.

"ఏరు చూసి మూడేళ్లయిందిరా. లీవుకొచ్చినప్పుడు మన కోటిపల్లి రేవులో చూసేను."

మొహం వేలాడేసి సీసా పీకబోయాడు సన్నీ. కరుణ ఆపింది. సీసాని నీలం కాగితం సముద్రం పక్కకి జరిపి, గొట్టం కొసని ఊళ్లోని నీళ్ల ట్యాంకులో పెట్టింది. నది కాస్తా ఉప్పు తీసే ఫ్యాక్టరీ అయింది. పంటు సముద్రంలోకి వెళ్లింది. కొబ్బరి చెట్లని ఖర్జూరాలనుకుంటారులే అని వదిలేశారు.

జడ్జిగా వచ్చిన మేష్టారు ఆ దేశపు చిహ్నం గురించి అడిగారు. కరుణ తల వంచుకునే అంతా చెప్పింది: డేగ, దాని రెక్కల మధ్య ఓడ, నూనె దొరక్కముందు ఓడల మీద వెళ్లి ముత్యాలు ఏరుకున్న జనం.

"మరి ఈ ఓడ మీద మోటారు సైకిళ్లేమిటమ్మా?"

"అది కోటిపల్లి నుంచి లీవు మీద వెళ్లిందండి," అన్నాడు సన్నీ.

మేష్టారు నవ్వి రెండో బహుమతి ఇచ్చారు.

ఇంటికెళ్లే బస్సు కోసం నిలబడ్డప్పుడు సన్నీ గొంతు సవరించుకున్నాడు.

"ప్రపంచంలో నూట తొంభై పైనే దేశాలున్నాయటండి. నాకు ఒక్కటీ తెలీదు. రోజుకొకటి చెబుతారా?"

కరుణ వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది.

"వారానికొకటి చాలండి. తొందరగా అయిపోతే ఎలా?"