టీమ్‌లో ఐదు ఖాళీలు

"ఈసారి మీ మిషన్ పేరు, యూజర్ గైడ్," అన్నాడు చీఫ్.

ఏజెంట్ ఉడుత తన చెవుల్ని తానే నమ్మలేకపోయింది. మారువేషంలో సరిహద్దులు దాటిన మనిషి. లిప్‌స్టిక్‌లో కెమెరా పెట్టుకుని శత్రువుల విందులో నవ్వుతూ తిరిగిన మనిషి. అలాంటిదాని చేత వాడుక పుస్తకం రాయిస్తారా?

"డిపార్ట్‌మెంట్ కొత్త టూల్. టీమ్ పేరు కొడితే ఆహ్వానం లింకు తయారవుతుంది. దాన్ని నొక్కినవాళ్ళు టీమ్‌లో చేరిపోతారు. మనవాళ్ళకి ఒక్కడికీ వాడటం రావట్లేదు. అర్థమయ్యేట్టు రాయండి."

"మరి హోటల్ మిషన్?"

"డేగకిచ్చాం. విదేశీ ముఠా మనిషొకడు ఆ హోటల్లో దిగాడు. మన ఏజెంట్లు ఏ క్షణాన ఎక్కడున్నారో వాడికి కావాలట. వాణ్ణి పట్టుకోవాలి. డేగ పక్కన భార్య వేషంలో నెమలి ఉంటుంది."

డేగ ఉడుత మొగుడు. సొంత భార్య ఇక్కడ నిక్షేపంలా ఉండగా భార్య వేషానికి ఇంకొకత్తె కావలసొచ్చింది! నెమలి నడిచొస్తుంటే ఆఫీసులో ప్రింటర్లు కూడా ఆగి చూస్తాయని ఒక జోకు. ఆ జోకు విన్నప్పుడల్లా ఉడుతకి ఒళ్ళు మండేది.

మర్నాడు కంట్రోల్ రూమ్‌లో కూర్చుని గైడ్ రాస్తోంది. డేగ కోటు గుండీలో మైకు, ఆమె ముందు ఇంకో మైకు, ఇద్దరి చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు. పరీక్ష కోసం డేగ టీమ్‌లో ఆమెనీ చేర్చారు. టీమ్‌లో ఉన్నవాళ్ళకి మిగతా ఏజెంట్లంతా ఎక్కడున్నారో మ్యాప్ మీద కనిపిస్తుంది. ఆ మ్యాప్ ఎవడిక్కావాలి? పొద్దుట్నుంచీ ఆమె చూస్తున్నది నెమలి పేరు పక్కన వెలిగే పచ్చచుక్కని. దాని పక్కనే డేగ చుక్క కూడా వెలుగుతుంటే కడుపు రగిలిపోతోంది.

"ఏవండీ, కాఫీలో చక్కెర ఎంత?" ఇయర్‌ఫోన్‌లో నెమలి గొంతు.

"నీ చేత్తో ఎంత వేసినా పర్లేదు," అన్నాడు డేగ.

ఇదంతా వేషం కోసమేనట! ఇంట్లో కప్పు ముందు పెడితే తలెత్తి చూడడు. ఉడుత కీబోర్డుని పొడిచినంత పని చేసింది.

"మన టీమ్ లింకు ఇంకోటి పంపరూ? నా దగ్గరున్నదానికి గడువు తీరిపోయింది," అంది నెమలి.

"అదెంత పని!" ఫోను టింగుమంది. పంపేశాడు.

ఉడుత చేతులు ఆగిపోయాయి. నెమలి టీమ్‌లోనే ఉంది. పచ్చచుక్క ఇప్పుడూ వెలుగుతోంది. ఇంట్లో కూర్చున్నదానికి తాళంచెవి దేనికి? అది ఇంకెవడికో!

"డేగా, ఆ లింకు రద్దు చెయ్! తయారుచేసింది నువ్వు, నువ్వే చెయ్యాలి. అది డబుల్ ఏజెంట్!"

"మళ్ళీ మొదలెట్టావా?" డేగ గొంతు తగ్గించాడు. "ఇంటికొచ్చాక తిట్టుకో." తన చెవిలో ఇయర్‌ఫోన్ పీకేశాడు.

ఆమె వెనక కుర్చీలో ఉన్న చీఫ్ వైపు తిరిగింది.

"ఆధారం చూపించండి," అన్నాడాయన. "అసూయ ఆధారం కాదు."

అసూయే. కాదని ఎవరన్నారు? అసూయ లేకపోతే ఆ చుక్కని ఇంతసేపు ఎవరు చూసేవాళ్ళు?

టీమ్‌లో ముప్ఫైమందికి మించి పట్టరని పొద్దున గైడ్‌లో రాసింది తనే. ఇంకా ఐదు ఖాళీలున్నాయి. గైడ్‌లో బొమ్మల కోసం చేసిన ఉత్తుత్తి ఖాతాలు చేతిలో ఉన్నాయి. డేగ చేసిన కొత్త లింకు పరీక్ష స్క్రీన్ మీద కనిపిస్తోంది. రద్దు చెయ్యలేదు గానీ, నొక్కగలదు. నొక్కింది.

రంగులపిట్ట చేరింది. టక్కులాడి చేరింది. వయ్యారి చేరింది. ఒళ్ళు మండి పెట్టిన పేర్లు మరి. నాలుగోదానికి టూల్ అడ్డం తిరిగింది: "మీరు మనిషేనా? సైకిళ్ళున్న బొమ్మలు ఎంచుకోండి."

"నీ సైకిళ్ళు తగలబడ!" ఎంచుకుంది. నాలుగోది లోపలికెళ్ళింది. స్క్రీన్ మూల ఎర్రగా వెలిగింది. కొత్త ఫోనొకటి లింకు తెరుస్తోంది. మళ్ళీ సైకిళ్ళు. చక్రం సగమే కనిపిస్తే సైకిలేనా? ఏమైతే అదవుతుందని నొక్కేసింది.

ఇల్లుకూల్చేది చేరింది. వెంటనే ఆ కొత్త ఫోనుకి జవాబు వెళ్ళింది: "క్షమించండి. టీమ్ నిండిపోయింది."

చీఫ్ కుర్చీలోంచి లేచాడు. ఆ ఫోను హోటల్ ఈతకొలను దగ్గరున్నట్టు స్క్రీన్ చూపిస్తోంది. మనవాళ్ళ ఫోను కాదు. "కొలను దగ్గరికి! నెమలిని కూడా కదలనివ్వకండి!" అని వైర్‌లెస్‌లో అరిచాడు. ముఠా మనిషి టవల్‌తోనే దొరికాడు. నెమలి కాఫీ కప్పుతో దొరికింది.

సాయంత్రం డేగ తలొంచుకుని వచ్చాడు. "నీ మాట వినాల్సింది," అన్నాడు.

ఉడుత గైడ్ చివరి పేజీ చేతికిచ్చింది. పెద్దక్షరాల్లో ఉంది: "లింకు అడిగినవాళ్ళు ఇప్పటికే టీమ్‌లో ఉన్నారేమో ముందు చూసుకోండి. ఎంత తియ్యగా అడిగినా సరే."

"ఇది అందరికీనా, నాకేనా?"

"అందరికీ. నువ్వు మాత్రం పైకి చదువు, వింటాను."