పూల పత్రికల్లో పురుగు

ఫుజైరా పక్కనున్న కల్బాలో బైండింగ్ షాపు నడిపే అంజిబాబుని చంపినవాళ్ళు అతని నోట్లో గులాబీ బొమ్మ వేసిన కాగితం కుక్కి పోయారు. పూలంటే అంత ప్రేమ!

"అంజిబాబు మన మనిషి," ఫోన్‌లో చెప్పాడు చీఫ్. "రోలాండ్ ముఠా అతనిచేత ఒక పుస్తకం బైండ్ చేయించింది. లోపల టైమ్ బాంబు. ఫుజైరాలో లంగరేసిన మన ఆయిల్ ట్యాంకర్ టార్గెట్. దాని కెప్టెన్ సరీన్‌కి పాత పూల పత్రికలంటే పిచ్చి. బాంబున్న పుస్తకాన్ని మధ్యలో కలిపి, ఆ పత్రికల బైండు సంపుటాలు కానుకగా ఓడ ఎక్కేశాయి."

"వైర్‌లెస్‌లో చెప్పొచ్చుగా?"

"ఆపరేటర్ వాళ్ళ మనిషి. నువ్వే వెళ్ళు."

ఏజెంట్ యేసురత్నం బొంబాయి పాత పుస్తకాల వ్యాపారి వేషంలో లాంచీ ఎక్కాడు. పత్రికలట! నూరేళ్ళ కిందట దొరలు ఒక్క ఆర్కిడ్ కోసం కూలీలను అడవుల్లోకి తోలారు. వాళ్ళు జ్వరాలకు పోయారు. దొరసానులు నెలనెలా రంగుబొమ్మలు చూసి నిట్టూర్చారు. పువ్వు వాడింది, కోసినవాడు చచ్చాడు, బొమ్మొక్కటే లాభంలో ఉంది.

కెప్టెన్ క్యాబిన్‌లో, కానుక తెచ్చిన షహర్బాను కూర్చుని ఉంది. ఎర్ర షిఫాన్ చీర, నల్ల కళ్ళద్దాలు. డబుల్ ఏజెంట్. ఢిల్లీకీ, రోలాండ్‌కీ ఒకే సరుకు అమ్ముతుంది. ఎవరికీ సరిగా తూచదు.

"ఎడారిలో మల్లెలు దొరుకుతాయా, మేడమ్?" కోడ్ వర్డ్ విసిరాడు.

"తడిపేవాడుంటే." దగ్గరకొచ్చి గుసగుసలాడింది. "బాంబు చివరి సంపుటంలో. తీసుకుని నాతో దిగిపో. యల్లా, పద!"

"జాగ్రత్తండీ!" కెప్టెన్ భూతద్దం ఊపాడు. "చేత్తో రంగులద్దిన బొమ్మల ప్లేట్లు!"

యేసురత్నం చివరి సంపుటం తీశాడు. అట్టను పురుగు తొలిచింది. పక్క సంపుటానికీ అదే చోట బొక్క. షెల్ఫులో వరసగా అన్నిటికీ ఉంది, కొత్తగా అట్ట వేసిన నాలుగోదానికి తప్ప.

"అటు తిని, ఇటు తిని, మధ్యలో పురుగు ఉపవాసం చేసిందా, షహర్బానూ?"

ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసింది. యేసురత్నం చేతిలోని సంపుటంతో ఆమె మణికట్టు మీద ఒక్కటిచ్చాడు. పిస్టల్ ఎగిరిపడింది. నాలుగో సంపుటం లాగాడు. లోపల టిక్ టిక్. గుండ్రటి కిటికీ తెరిచి, బలమంతా పెట్టి సముద్రంలోకి విసిరాడు.

నీళ్ళు ఓడ ఎత్తున లేచాయి. అద్దాలు పగిలాయి. ఓడ ఊగి, నిలబడింది.

"నన్ను వదిలెయ్, రత్నం," మణికట్టు పట్టుకుని అంది షహర్బాను. "నీకూ పనికొస్తాను."

"అందరికీ పనికొచ్చే సరుకు నేను కొనను. ఖలాస్."

బల్ల కిందనుంచి పాకుతూ వచ్చాడు కెప్టెన్. "అయ్యో! లిల్లీల ప్లేట్లన్నీ అందులోనే ఉన్నాయయ్యా!"

ఓడలో సిబ్బంది ఉన్నారా పోయారా అని కూడా అడగలేదు ఆ మనిషి.

"దిగులెందుకు, కెప్టెన్?" యేసురత్నం కోటు దులుపుకున్నాడు. "బతికిన చేపలుంటే, ఆ బొమ్మలు చూసి వాటికీ మీ పూల పిచ్చే పట్టుకుంటుంది."