బ్రేకు మీద కాలు

ఉతికి, ఇస్త్రీ చేసి దాచుకున్న తెల్ల దుప్పటి మీద ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఇనుప ముక్కలు పరుచుకుని కూర్చుంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. ఇంటి షెడ్డులో అది చూసిన లైబ్రేరియన్ అమ్మాయికి ఇంకాస్త ఎక్కువ మండింది.

"ఎవరండీ మీరు? ఇదేమిటి?"

"కార్బ్యురేటరండీ," అన్నాడతను ఎంతో వినయంగా.

"నేనడిగింది దాని గురించి కాదు, నా దుప్పటి గురించి!"

"శుభ్రమైన గుడ్డ ఏదైనా ఉందా అని అడిగితే తాతగారే ఇచ్చారండీ."

ఆరా తీస్తే అసలు సంగతి బయటపడింది. అతను పళ్ళ డాక్టరు. కట్టుడు పళ్ళ కోసం అతని దగ్గరికి వెళ్ళిన ఆమె తాతయ్య, నోరు తెరిచి పడుకోకముందు, షెడ్డులో ముప్పై ఏళ్ళుగా మూలుగుతున్న తన పాత కారు గురించి గొప్పలు పోయాడు. తాతయ్య నోరు తెరిచాక డాక్టరు, "ఆదివారాలు వచ్చి బాగుచేస్తాను, నాకదో సరదా," అన్నాడు. నోట్లో రెండు పరికరాలు పెట్టుకున్న మనిషి 'ఆ' తప్ప ఏమనగలడు?

మొదటి ఆదివారం ఆమె గుమ్మంలో నిలబడి పోట్లాడింది. రెండో ఆదివారం, అతను విప్పిన నట్లన్నీ ఒకే బకెట్లో వేస్తుంటే చూసి తట్టుకోలేకపోయింది. మాత్రల డబ్బాలు తెచ్చి, ఒక్కో దాంట్లో ఒక్కో రకం వేసి, చీటీలు అంటించింది.

"ఇవి ఎడమ వెనక తలుపువి. అవి బానెట్‌వి. కలిపారంటే మర్యాద దక్కదు."

"ఎన్నాళ్ళలో తిరిగివ్వాలి మేడమ్?"

నవ్వు రాకూడదని గట్టిగా అనుకుంది. అయినా వచ్చింది.

ఐదో ఆదివారానికి ఆమెకు గరుకు కాగితాల నంబర్లన్నీ నోటికి వచ్చేశాయి. ఆరో నెలకి సీట్లకు కొత్త తోలు వచ్చింది. ఒకరోజు కారు ముందు అద్దాన్ని లోపలి నుంచి ఆమె, బయటి నుంచి అతను తుడుస్తున్నారు.

"అక్కడో మచ్చ ఉండిపోయింది," అన్నాడు.

"ఎక్కడ? ఇక్కడా?"

"ఇంకాస్త పైన. ఇంకొంచెం కుడికి. ఆ... మీ ముక్కు మీద."

తడిగుడ్డ విసిరింది. అద్దం అడ్డుపడబట్టి బతికిపోయాడు.

అలా పది నెలలు గడిచిపోయాయి. ఈ ఆదివారం మిగిలింది ఒక్కటే పని: బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీయడం. అది అయిపోతే కారు అయిపోయినట్టే. కారు అయిపోతే డాక్టరు ఈ ఇంటికి రావడమూ అయిపోయినట్టే. పొద్దున్నుంచీ ఆమె ఆ లెక్కే మళ్ళీ మళ్ళీ వేసుకుంటోంది.

షెడ్డు రేకుల మీద సన్నగా వాన. కారు కింద డాక్టరు, స్టీరింగ్ ముందు ఆమె, కొత్త తోలు వాసన పీలుస్తూ వెనక సీట్లో తాతయ్య కునుకు.

"నేను తొక్కమంటే తొక్కాలి. పట్టి ఉంచమన్నప్పుడు కాలు కదపకూడదు. నేను నట్టు బిగించేలోగా తీశారంటే గాలి మళ్ళీ లోపలికి పోతుంది, ఆ చక్రం పని మొదటికొస్తుంది."

"ఇది మూడో చక్రం. మూడోసారి చెబుతున్నారు."

"తొక్కండి."

పెడల్ మెల్లగా నేలదాకా దిగింది.

"పట్టి ఉంచండి. ఒక మాట అడగాలి."

"కింద నుంచా?"

"మీ మొహం చూస్తూ అడిగే ధైర్యం లేదండీ. వచ్చే ఆదివారం నుంచి ఇక్కడికి రావడానికి నాకు కారణం ఉండదు."

"ఊఁ."

"అందుకని... మీకు అభ్యంతరం లేకపోతే... మనం పెళ్ళి చేసుకుంటే ఎలా ఉంటుంది?"

ఆమె కాలు ఎగిరిపడింది.

కింద బుడగల చప్పుడు.

"సరే. అర్థమైంది," అన్నాడు.

"ఏమర్థమైంది?"

"కాలు తీసేశారుగా. పరవాలేదండీ. మళ్ళీ మొదలుపెడదాం. తొక్కండి."

పన్ను పీకేముందు రోగులతో మాట్లాడే గొంతు అది. మెత్తగా ఉంటుంది, అందులో మనిషి ఉండడు. తొక్కింది. పట్టి ఉంచింది. తీయమంటే తీసింది. చెప్పాల్సిన మాట నాలుక చివరే ఉంది, కానీ ఆరేళ్ళుగా లైబ్రరీకి వచ్చినవాళ్ళందరినీ నోరు మూసుకోమని చెప్పీ చెప్పీ, తీరా అవసరం పడ్డప్పుడు తన నోరే పెగలడం లేదు.

"ఇదొక్కటీ అయ్యాక ఆఖరి చక్రం. అదీ అవగానే వెళ్ళిపోతాను," అన్నాడు కింద నుంచి.

వెనక సీట్లోంచి దగ్గు వినిపించింది.

"ఏమయ్యా డాక్టరూ, పిల్ల కాలు తీసింది గానీ కాదందా?"

"తాతయ్యా! నువ్వు నిద్రపోలేదా?"

"నా కారులో, నా వెనకాల కాదు, నా ముందే ఇంత జరుగుతుంటే నిద్రెలా పడుతుందే? దిగు. దిగి చెప్పు. పెడల్ సంగతి నేను చూసుకుంటాను."

ఆమె దిగింది. ఒక్క క్షణం నేల వంక చూసింది. నూనె, మట్టి, వాన తడి. ఇక చూడటం మానేసి, చున్నీ నడుముకు బిగించి, బోర్లా పడుకుని కారు కిందికి తల దూర్చింది.

అతని చెంప నిండా బ్రేకు ఆయిలే. చూపు తడబడుతోంది.

"రావచ్చు," అంది.

"ఏమిటండీ?"

"కారణం లేకుండా రావచ్చు. ఆదివారమే రావాలని కూడా లేదు."

"మరి మిగతా రోజులు?"

"మిగతా రోజులు మీరెక్కడికీ వెళ్ళకుండా ఇక్కడే ఉంటే, ఇక రావలసిన పనేముంది?"

అతని చేతిలోని స్పానర్ జారి నేల మీద ఖంగుమంది.

పైన ముందు సీటు కిర్రుమంది. తాతయ్య సర్దుకుని కూర్చున్నాడు.

"బాబూ, తొక్కి పట్టుకున్నాను. తీయొచ్చా?"

కింద నుంచి జవాబు లేదు. కాసేపాగి మళ్ళీ అడిగాడు. ఈసారీ లేదు.

తాతయ్య పెడల్ మీద కాలు అలాగే ఉంచి, తల పక్కకు తిప్పుకుని, వాన చూస్తూ కూర్చున్నాడు.