కారు నంబర్లు పిలిచే గొంతు

చీకటి పడ్డాక మెజెస్టిక్ బింగో హాలు వెనక్కి మా బ్రాకెన్‌బీలో ఎవరూ వెళ్ళరు. కుక్కల్ని తిప్పేవాళ్ళు కూడా చుట్టు తిరిగి పోతారు.

చీకటంటే అర్ధరాత్రి అనుకునేరు... ఉత్తర ఇంగ్లండులో డిసెంబరు నెలలో దెయ్యాలకి అంత ఓపిక అక్కర్లేదు. సాయంత్రం టీ తాగి కప్పు కడిగేలోపు చీకటి దిగిపోతుంది. మా దెయ్యం కూడా హాయిగా పెందలాడే డ్యూటీకి వచ్చేది.

బింగో అంటే మీరు తంబోలా అంటారే, అదే. హాలు మూతపడి ఏళ్ళయింది. అది నడిచిన రోజుల్లో అంకెలు పిలిచేవాడు సిరిల్ అని ఒక పెద్దమనిషి. ఒకరోజు ఆట మధ్యలో, బంతి చేతిలో ఉండగా, అంకె నోట్లో ఉండగా... ప్రాణం పోయిందట. ఆ అంకె ఏదో ఎవరికీ తెలీదు. తమ చీటీకి కావలసింది సరిగ్గా అదేనని మాత్రం ఆరోజు ఆడిన ముసలమ్మలందరూ ఒట్టేసి చెబుతారు.

మా దగ్గర అంకెని ఉత్తి అంకెగా పిలిస్తే పరువు తక్కువ. ఎనభై ఎనిమిదంటే 'ఇద్దరు లావమ్మలు'. ఇరవై రెండంటే 'రెండు బాతులు'. పదకొండంటే 'కాళ్ళు'. కాళ్ళు అనగానే హాలంతా ఈల వేయాలి. ఎందుకని అడక్కండి. మా తాతలు వేశారు, మేమూ వేస్తాం.

అసలు గొడవ కార్లతో మొదలైంది. శుక్రవారం వచ్చిందంటే చాలు, సైలెన్సర్లు పీకేసిన కార్లన్నీ హాలు వెనక ఖాళీ స్థలంలో చేరేవి. గిరగిరా తిరగడం, టైర్లు కాల్చడం, హారన్లు... చుట్టుపక్కల కిటికీ అద్దాలు గడగడలాడేవి. నా చేపల కొట్టు రోడ్డుకి ఇవతలే. నూనెలో చేప వేస్తే ఆ చుంయ్ చప్పుడు పక్కనే నిలబడ్డ నాకే వినపడేది కాదు.

మూడు నెలలకోసారి మాకు పోలీసుల మీటింగు ఉంటుంది. పేటలో ఉన్న గొడవల్లో ఏ మూడింటిని పోలీసులు ముందు పట్టించుకోవాలో మేమే చేతులెత్తి చెప్పాలి. ఆ మూడూ పోలీసులకి, మిగతావి దేవుడికి. మీటింగుకి వచ్చేది జోడీ అనే అమ్మాయి. యూనిఫాం ఉంది గానీ నడిచి తిరిగే సహాయ పోలీసు. కార్ల గొడవ మొదట పెట్టమ్మా అంటే, పాపం నిజం చెప్పేసింది.

"ఫోన్ చేసి ఫిర్యాదు చేసినవాళ్ళు ఒక్కరు కూడా లేరండీ. ఫిర్యాదు లేకపోతే మా పైవాళ్ళ దృష్టిలో ఆ కార్లు అసలు లేనట్టే."

అందరం బల్ల మీది బిస్కెట్ల వైపు చూశాం. మా పేటలో దొంగతో అయినా మాట్లాడతారు గానీ, పోలీసులకి చాడీలు మోసినవాడితో మాట్లాడరు. చాడీకోరు అన్న పేరు ఒకసారి పడిందా, శవపేటిక దాకా వెంట వస్తుంది. చివరికి కుక్కల మలం, షాపుల్లో దొంగతనాలు, చెత్త తగలబెట్టడం నెగ్గాయి. కార్లు ఓడిపోయాయి.

ఆ తర్వాతే... ఆ గొంతు మొదలైంది.

కార్ల రొద కాస్త ఆగినప్పుడల్లా, ముందు వయొలిన్లు. ఖాళీ హాల్లోంచి, సన్నగా, ఆగకుండా. తర్వాత ఒక ఆడగొంతు, మెత్తగా — "మీ వంతు వస్తుంది... దయచేసి ఆగండి..."

ఆ వెనకే ఇంకో గొంతు. బొంగురుగా, మగగొంతులా, అచ్చం సిరిల్ పిలిచినట్టే. అంకెలు. బంతుల మీది అంకెలు కావు... అక్కడ తిరుగుతున్న కార్ల నంబర్లు.

మొదట ఒక ఎర్రకారు నంబరు వినిపించింది. కొన్నాళ్ళకి ఆ కుర్రాడు పొద్దున్నే లేచి చూస్తే కారు లేదు. తర్వాత ఆకుపచ్చ కారు. దాని తర్వాత ఇంకోటి. తీసుకుపోయింది పోలీసులేనని అందరికీ తెలుసు. వాళ్ళ పద్ధతి అదే. మొదటి ఫిర్యాదుకి అద్దం మీద పసుపు కాగితం అంటించి హెచ్చరిస్తారు, రెండోదానికి కారే ఎత్తుకుపోతారు. కానీ పోలీసులకి చెప్పిందెవరు? మా పేటలో అలా చెప్పే మనిషి లేడు. కాబట్టి చెప్పింది మనిషి కాదు. ఈ లెక్క మా అందరికీ చక్కగా కుదిరిపోయింది.

పోలీసు జీపు వచ్చినా చిటికెలేసిన మొనగాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. చివరిదాకా మిగిలింది రీస్ బార్‌స్టో.

రీస్ నా కొట్టులో చేపలూ చిప్స్ ఇళ్ళకి చేరవేసే కుర్రాడు. వాళ్ళ నానమ్మ నోరీన్ పెంచింది. వాడి నీలం కారుది పాత ప్రాణం, పెద్ద నోరు. దాని అద్దం మీద కూడా అప్పటికే పసుపు కాగితం పడింది. ఇంకొక్క ఫిర్యాదు వస్తే కారు పోతుంది, కారు పోతే నా దగ్గర పని పోతుంది, మళ్ళీ కోళ్ళ ప్యాకింగు షెడ్డులో రాత్రి షిఫ్టే. అక్కడ పనిచేసి వచ్చినప్పటి నుంచీ వాడు కోడి బొమ్మ చూసినా మొహం తిప్పుకుంటాడు. ఆ భయంతోనే చివరికి వాడూ హాలు వెనక తిరగడం మానేశాడు.

ఆ శుక్రవారం మంచు బాగా కమ్మింది. హాలు వెనక సందులోంచి ఎవరో చేపలు పంపమన్నారు. మామూలు దారి గ్యాసు పైపుల కోసం తవ్వి పోశారు. ఇక మిగిలింది ఒకటే దారి... హాలు వెనక ఖాళీ స్థలం.

తర్వాత జరిగింది వాడు చెప్పినట్టే చెబుతున్నాను. స్థలం అంచుకి రాగానే ఇంజను ఆపేశాడట. లైట్లు ఆపేశాడు. కిందికి దిగి, తలుపు తెరిచి ఉంచి, ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని కారుని తోయడం మొదలుపెట్టాడు. దెయ్యానికి వినపడకుండా. ఊపిరి కూడా ముక్కుతో కాకుండా నోటితో తీశాడట, ముక్కు చప్పుడు చేస్తుందని.

సగం దూరం వచ్చాడు. ఏమీ లేదు. ఇంకొంచెం తోశాడు...

వయొలిన్లు.

"మీ వంతు వస్తుంది..."

రీస్ కదల్లేదు. అప్పుడు పైనుంచి, చీకట్లోంచి, మెల్లగా — "వై... జే..." వాడి కారు మొదటి అక్షరాలు.

మిగతావి వినడానికి వాడు అక్కడ ఉంటే కదా. తాళంచెవి కారులోనే, ఫోను కారులోనే, చేపలు కారులోనే... కాళ్ళు మాత్రం నా కొట్టులో ఉన్నాయి. నిలబడ్డ జనాన్నంతా తోసుకుని, వరస తప్పించి ముందుకొచ్చాడు. మా ఊళ్ళో వరస తప్పించడం దెయ్యం కంటే పెద్ద వార్త. అందరూ నోళ్ళు తెరిచారు.

"నా నంబరు పిలిచింది బాస్," అన్నాడు. పెదాలు తెల్లగా పాలిపోయాయి. "నా కారు పోయినట్టే."

నేను ధైర్యవంతుణ్ణి కాను. కానీ ఆ కారులో ఉన్నవి నా చేపలు. జల్లిగరిటె చేతిలో పట్టుకుని, ఏప్రన్‌తోనే బయల్దేరాను. వెనక రీస్. వాడి వెనక చేపల కోసం వచ్చిన జనం... భయంలో కూడా ఎవరి చోట్లో వాళ్ళు, వరసగా.

కారు స్థలం మధ్యలో తలుపు తెరుచుకుని ఉంది. జనం అక్కడే ఆగారు. మేమిద్దరం హాలు వెనక తలుపు తోశాం. తాళం లేదు. లోపల బూజు వాసన, ఖాళీ కుర్చీలు... ఎక్కడో పైన వయొలిన్లు.

"వై... జే..."

రీస్ నా ఏప్రన్ పట్టుకున్నాడు.

"కాళ్ళు... పదకొండు..."

ఇందులో నా తప్పేం లేదు. నోరు మూసుకోవాలనే అనుకున్నాను. కానీ పుట్టినప్పటి నుంచీ విన్న మాట అది. నా పెదాలు నన్ను అడక్కుండానే ముడుచుకున్నాయి. ఈల వేసేశాను. ఆ చీకట్లో అది హాలు ఈ మూల నుంచి ఆ మూలకి పోయి తిరిగి వచ్చింది.

గొంతు ఆగింది.

ఆ వెంటనే పైనుంచి ఖళ్ళు ఖళ్ళున దగ్గు.

"ఎవడ్రా ఆ ఈలేసింది?"

రీస్ నా ఏప్రన్ వదిలేశాడు. "నానమ్మా?"

అంకెలు పిలిచే గదిలో, పగిలిన కిటికీ పక్కన, దుప్పటి చుట్టుకుని కూర్చుని ఉంది నోరీన్. పక్కన టీ ఫ్లాస్కు, సిగరెట్లు. బల్ల మీద ఫోను, స్పీకరు ఆన్‌లో. వయొలిన్లు అందులోంచే. "మీ వంతు వస్తుంది, దయచేసి ఆగండి," అంటోంది ఆ ఫోనులోని రికార్డు గొంతు. పోలీసుల ఫిర్యాదు నంబరు అది. చేసినవాళ్ళు తమ వంతు వచ్చేదాకా ఆ వాయిద్యాలు వింటూ కూర్చోవాలి.

నోరీన్‌కి చీకట్లో రాసుకోవడం కుదరదు, మతిమరుపు కూడానూ. అందుకని అవతల మనిషి పలికేదాకా కారు నంబరు మర్చిపోకుండా పైకి వల్లిస్తూ ఉండేదట. జన్మంతా బింగో ఆడిన నోరు కాబట్టి అది బింగో పిలుపులాగే వచ్చేది. సిగరెట్లు ఆ గొంతుని ఎప్పుడో మగగొంతు చేసేశాయి. ఇంట్లోంచి చేస్తే నంబర్లు కనపడవు, బయట నిలబడితే జనం చూస్తారు.

"దెయ్యం ఉందన్నారు, నాకు అదే మేలైంది," అంది. "దెయ్యాన్ని ఎవరూ చాడీకోరు అనరు కదా."

రీస్ మొహం చూడాలి. భయం పోయి కోపం వచ్చింది, కోపం వెనకే ఇంకేదో గుర్తొచ్చింది. "నా పసుపు కాగితం... అది కూడా నువ్వేనా?"

"వచ్చిన బంతిని దాచేసి పిలిచేవాళ్ళు ఎవరైనా ఉన్నారా నాన్నా? పొరుగువాళ్ళ పిల్లలవి చెప్పి నీది వదిలేస్తే నేనేం మనిషిని?"

"ఇవాళ నేను తోసుకుంటూ వచ్చాను నానమ్మా. ఇంజనే వేయలేదు."

"లైట్లార్పి దొంగలా వస్తే మళ్ళీ తిరగడానికే వచ్చావనుకున్నాను. నీ కారు నాకు చీకట్లోనైనా తెలుస్తుంది. నీ నంబరు పిలిచేశాను."

వాడు మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. చెప్పొద్దని బతిమాలాడు. సైలెన్సరు రేపే బిగిస్తానన్నాడు, కోళ్ళ షెడ్డు గుర్తు చేశాడు. నోరీన్ కళ్ళు చెమ్మగిల్లాయి. కానీ ఫోను మీంచి చెయ్యి తీయలేదు.

సరిగ్గా అప్పుడు వయొలిన్లు ఆగిపోయాయి.

"ఆగినందుకు ధన్యవాదాలు. చెప్పండి."

నోరీన్ నోరు తెరిచింది... మూసింది.

కింద కారు తలుపు దభీమంది. ఆ వెంటనే ఊరంతా దద్దరిల్లేలా ఒక గర్జన. ఆ చప్పుడు నాకు తెలుసు. కిటికీలోంచి చూస్తే రీస్ కారు లైట్లు వేసుకుని, జనం మధ్యలోంచి దూసుకుపోతోంది. రీస్ నా పక్కనే ఉన్నాడు. తాళంచెవి కారులో ఉంది. ఈ దెయ్యం సంగతి తెలీని ఎవడో పొరుగూరి దొంగ, జనం కళ్ళన్నీ హాలు మీద ఉండగా, మంచులోంచి వచ్చి ఎక్కేశాడు.

"చెప్పు నానమ్మా," అన్నాడు రీస్. "నా నంబరు చెప్పు. చెప్పవే బాబూ."

నోరీన్ చెప్పింది. అక్షరం పొల్లు పోలేదు. కారు దొంగిలిస్తున్నారని, ఏ వైపు పోతోందో కూడా చెప్పింది. అవతలి మనిషి గబగబా అడిగింది — "మీ పేరు? దొంగతనం కేసుకి పేరు కావాలి."

అన్ని శుక్రవారాలూ ఆవిడ చెప్పనిది ఆ ఒక్కటే. కింద జనం తలలన్నీ పైకెత్తి ఉన్నాయి. కిటికీకి అద్దం లేదు, మాట ఆగదు. పేరు లేదంటే ఆలస్యం, ఫోను పెట్టేసి వేరే నంబరుకి చేస్తే మళ్ళీ ఎన్ని వయొలిన్లో. నోరీన్ రీస్‌ని చూసింది. తర్వాత లేచి నిలబడింది.

"నోరీన్ బార్‌స్టో," అంది, హాలు చివరి వరసకి వినపడేలా. "కారు నా మనవడిది."

"ఇంతకుముందు ఈ స్థలం గురించి ఫోన్లు చేసింది మీరేనా?"

"నేనే. అన్నీ నేనే."

మెట్లు దిగుతుంటే నేను గరిటె గట్టిగా పట్టుకున్నాను. ఎవరైనా ఏమైనా అంటే ఊరుకోకూడదనుకున్నాను. నాకే సిగ్గేసింది — ఆ మీటింగులో బిస్కెట్ల వైపు చూసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

కారు వెంటనే దొరికింది. వెతికే పనే పడలేదట. ఊరి చివర ఉన్న పోలీసులు చెవులతోనే పట్టేశారు. కానీ ఆ సంగతి మాకింకా తెలీదు. బయట నోరీన్ జనం ముందు నిలబడి ఉంది, దుప్పటి భుజాల మీద, రీస్ చెయ్యి ఆ దుప్పటి మీద.

వరసలో మొదట ఉన్నది పాట్సీ హోల్‌రాయిడ్. సొంత తమ్ముడు ఎవరి మీదో పోలీసులకి చెప్పాడని వాడి పెళ్ళికి కూడా వెళ్ళని మనిషి. నోరీన్‌ని కింది నుంచి పైదాకా చూసింది. తర్వాత పగిలిన కిటికీని చూసింది.

"ఇన్నాళ్ళూ ఒక్కదానివే కూర్చున్నావటే, ఆ చలిలో?"

"ఊఁ."

"పక్కన ఇంకో కుర్చీ ఉందా?"

పై శుక్రవారం చీకటి పడ్డాక ఆ హాల్లోంచి వయొలిన్లు వినిపించాయి... ఒక ఫోనులోంచి కాదు, చాలా ఫోన్లలోంచి, ఒకదానితో ఒకటి కలవకుండా. ఇప్పటికీ కొత్తవాళ్ళెవరైనా అడిగితే అక్కడ దెయ్యం ఉందనే చెబుతాం. నిజానికి ఒకటి కాదు. ఎన్నున్నాయో రీస్‌ని అడగాలి, వాటికి చిప్స్ పట్టుకెళ్ళేది వాడే.